మెట్ల క్రింది పదకొండు బస్తాలు

మా ఇంటిలో మెట్ల క్రింద ఒక చీకటి మూల ఉన్నది. పాత ట్రంకుపెట్టె, పెండ్లిళ్లకు మాత్రమే బయటకు తీసే రాగి డేగ్, చక్రం వంగిన సైకిలు - వీటి నడుమ పదునాలుగు నెలలపాటు పదకొండు సిమెంటు బస్తాలు కూడా ఉన్నాయి. వాటిపై పాత దుప్పటి ఒకటి కప్పి, దాని మీద ఉల్లిపాయల బుట్ట పెట్టుకున్నాము. వస్తువు కళ్ల ఎదుట ఉన్నది గనుక భద్రంగానే ఉన్నదని అనుకున్నాము.

ఆ బస్తాలు మిగలడానికి కారణం ఉన్నది. మా అన్నయ్య నికాహ్ కుదిరే లోపల మేడ మీద ఒక గది వేయాలని పని మొదలుపెట్టాము. గోడలు లేచాయి. స్లాబు పోయవలసిన సమయానికి అబ్బాజాన్‌కు గుండె జబ్బు చేసి ఆపరేషన్ అవసరమైనది. గది కోసం దాచిన డబ్బంతా ఆసుపత్రికి వెళ్లింది. అల్‌హందులిల్లాహ్, ఆయన కోలుకున్నారు. గోడలు మాత్రం పైకప్పు లేకుండా ఒక వానకాలం పూర్తిగా, మరొకటి సగం తడిశాయి. ఈ ఏడాది నికాహ్ తేదీ ఖాయం కావడంతో మళ్లీ పని మొదలుపెట్టక తప్పలేదు.

పన్నెండు అడుగుల పొడవు, పన్నెండు అడుగుల వెడల్పు ఉన్న ఆ గది స్లాబుకు పదునాలుగు, పదిహేను బస్తాలు కావాలని మేస్త్రీ గారు చెప్పి ఉన్నారు. అమ్మీజాన్ వ్రేళ్ల మీద లెక్క వేశారు. పదకొండు ఇంటిలోనే ఉన్నాయి. నాలుగు కొంటే చాలు. దాదాపు నాలుగు వేల రూపాయలు మిగులుతాయి. ఆసుపత్రి అప్పు ఇంకా తీరని ఇంటికి నాలుగు వేలు చిన్న మొత్తం కాదు.

అబ్బాజాన్ ఆలోచన కూడా అదే. సిమెంటును పారవేయడమన్న మాటే ఆయన సహించరు. ఆయన యౌవనంలో సిమెంటు అంగడిలో అడగగానే దొరికేది కాదు. ప్రభుత్వ నియంత్రణలో ఉండేది. ఆ నియంత్రణ 1982లో కొంతవరకు, 1989లో పూర్తిగా తొలగింది. అంతకు ముందు ఇంటికి నాలుగు బస్తాలు కావాలంటే పర్మిట్ కోసం కార్యాలయాల చుట్టూ తిరగవలసి వచ్చేది. మా దాదాతో కలిసి అలా తిరిగిన రోజులను ఆయన ఇప్పటికీ మరువలేదు. అందుకే ఆయన దృష్టిలో సిమెంటు బస్తా, బియ్యపు బస్తా ఒకటే. దుబారా చేయరాదన్నది మన ధర్మం నేర్పిన మాట కూడాను.

ఆయన వాదానికి మరొక ఆధారం ఉన్నది. మా దాదా కట్టించిన పాత ఇల్లు సున్నంతో కట్టినది. గానుగలో తిప్పిన సున్నాన్ని ఉపయోగించేవారు. తడిపిన సున్నాన్ని గుంటలో నీటి క్రింద నెలల తరబడి ఉంచేవారు. ఎంత నిలువ ఉంటే అంత మెత్తబడి, అంత బాగా పట్టేదట. 1591లో కట్టిన చార్మినారు సైతం సున్నపు కట్టడమే కదా అని అబ్బాజాన్ గుర్తు చేశారు. "పాతబడిన సున్నం మేలైనప్పుడు పాతబడిన సిమెంటు ఎందుకు చెడుతుంది?" అని అడిగారు. మాలో ఎవరి వద్దా సమాధానం లేదు. పైగా ఆ ప్రశ్న మాకూ న్యాయంగానే తోచింది.

సమాధానం మేస్త్రీ గారు వచ్చిన నాడు దొరికింది. ముప్పది ఏళ్లుగా తాపీ పట్టిన మనిషి ఆయన. దుప్పటి తీసి బస్తాలను చూసి, ఏమీ మాట్లాడకుండా ఒక్కొక్కటే బయటకు దొర్లించారు. గోడను ఆనుకొని అడుగున ఉన్న నాలుగు బస్తాలు దొర్లినప్పుడు బండరాయి దొర్లిన చప్పుడు వచ్చింది. వాటి ముట్టెలు విప్పనే లేదు. మిగిలిన ఏడింటి మూతులు విప్పి లోపలికి మోచేతి వరకు చేయి పెట్టి చూశారు. మూడింటిలో గోళీలంత, నిమ్మకాయలంత ఉండలు చేతికి వచ్చాయి. నాలుగు మాత్రం పిండిలాగానే ఉన్నాయి.

"సాయిబు గారూ, మంచి సిమెంటులో చేయి పెడితే చల్లగా తగలాలండి. వ్రేళ్ల మధ్య నలిపితే మెత్తగా జారాలి, ఇసుకలా గరగరమనకూడదు. చిటికెడు తీసి నీళ్లలో వేస్తే కొంచెంసేపు తేలి, ఆ తరువాత మునగాలి" అని చెప్పి, ఉండ ఒకటి తీసి అబ్బాజాన్ అరచేతిలో పెట్టారు. "నలపండి."

అబ్బాజాన్ నలిపారు. అది నలగలేదు.

"బరువుకు గడ్డకట్టిన సిమెంటు వేరు, తేమకు గడ్డకట్టినది వేరు" అని ఆయన వివరించారు. బస్తా మీద బస్తా పేర్చినప్పుడు అడుగుది నొక్కుకొనిపోయి గట్టిగా కనిపిస్తుంది. దానిని నేల మీద రెండు మూడు సార్లు దొర్లిస్తే వదులవుతుంది. ఉండలు వ్రేళ్ల నడుమ పిండి అయిపోతాయి. అట్టి బస్తాకు దోషం లేదు. వ్రేళ్లతో నలగక, రాతితో కొడితేనే పగిలే ఉండ ఉన్నదంటే ఆ సిమెంటు తన పనిని బస్తాలోనే ముగించుకున్నదని అర్థం.

సున్నానికీ దీనికీ గల తేడా అక్కడే ఉన్నది. సిమెంటు ఎండి గట్టిపడుతుందని మనలో చాలామంది అనుకుంటారు. నిజానికి అది నీటితో కలిసి, రసాయనిక చర్య జరిగి గట్టిపడుతుంది. అందుకే పోసిన తరువాత కూడా రోజుల తరబడి తడుపుతాము. సున్నం అలా కాదు. అది గాలిలోని కార్బన్ డయాక్సైడును గ్రహించి గట్టిపడుతుంది. కాబట్టి నీటి క్రింద, గాలి తగలకుండా ఉంచిన సున్నం చెడదు. సిమెంటు మాత్రం గాలిలోని తేమను కూడా వదలదు. బస్తా మూత విప్పకపోయినా, కుట్ల సందుల నుండి, సంచి అల్లిక నుండి తేమ చేరుతూనే ఉంటుంది. మొదట అతి సన్నని రేణువులు తేమను పీల్చుకొని గట్టిపడతాయి. సిమెంటుకు బలాన్ని త్వరగా ఇచ్చేవి ఆ సన్నని రేణువులే. మాది బందరు. సముద్రపు గాలికి ఉప్పు డబ్బాలో ఉప్పే నీరు కారుతుంది. ఇక సిమెంటు మాట చెప్పనేల?

"అయితే ఈ నాలుగు బస్తాలు పిండిగానే ఉన్నవి గదా, స్లాబులో వేయవచ్చునా?" అని అమ్మీజాన్ అడిగారు.

"వద్దమ్మగారూ. పిండిగా ఉన్నంత మాత్రాన బలం ఉన్నదని కాదు."

ఆ తరువాత మేము అన్నయ్య చేత, ఆయన స్నేహితుడైన ఒక ఇంజనీరు చేత ఈ విషయాన్ని విచారించాము. భారతీయ ప్రమాణాల ప్రకారం మూడు నెలలు దాటి నిలువ ఉన్న బస్తా సిమెంటును తిరిగి పరీక్షించిన మీదటనే వాడాలి. ఇంజనీరింగు పాఠ్యగ్రంథాలలో ఒక స్థూలమైన లెక్క ఇస్తారు: మామూలుగా నిలువ ఉంచిన సిమెంటు మూడు నెలలకు తన బలంలో సుమారు 20 శాతం, ఆరు నెలలకు 30 శాతం, ఏడాదికి 40 శాతం, రెండేళ్లకు 50 శాతం కోల్పోతుంది. ఇది అన్ని చోట్లా ఒకే రీతిగా ఉండదు. మా మేనత్త కుమారుడు కడపలో పొడి గదిలో బల్ల మీద ఉంచిన బస్తాలు నాలుగు నెలల తరువాత కూడా చక్కగా ఉన్నాయి. మా ఇంటిలో గచ్చు మీద, గోడకు ఆనించి, మెట్ల క్రింద ఉంచినవి ఆ లెక్కకన్నా అధ్వానమై ఉండవచ్చును. బస్తా మీద 43 అనో 53 అనో ఉండే అంకె, ఆ సిమెంటు 28 రోజులకు చేరవలసిన బలాన్ని తెలుపుతుంది. తాజా సరుకుకు వర్తించే ఆ అంకెను పదునాలుగు నెలల తరువాత నమ్మి తలపై కప్పు వేసుకోలేము.

అంతవరకు ఇది మా ఇంటి నష్టం మాత్రమే. అసలు విషయం అమ్మీజాన్ నోటి వెంట అనుకోకుండా వచ్చింది. "ఖాలాకు ఇచ్చినప్పుడు బాగానే ఉన్నది గదా" అన్నారు.

మేస్త్రీ గారు తల ఎత్తి, "ఏం కట్టించారమ్మా దానితో?" అని అడిగారు.

మొదట మా వద్ద మిగిలినవి పదకొండు కావు, పదమూడు. ప్రక్క ఇంటి ఖాలా భర్తను కోల్పోయి, ఇద్దరు మనుమలతో, కుట్టుపనితో కాలం గడుపుతున్నారు. ఆమె పెరటి గుమ్మం మీది సజ్జా వానలకు పడిపోతే, ఆరు నెలల క్రితం రెండు బస్తాలు మేమే పంపించాము. అప్పటికే ఆ సిమెంటు ఎనిమిది నెలలనాటిది. ఆమె మాకు ఎన్నో దుఆలు ఇచ్చారు. మేము కూడా ఒక మంచిపని చేశామన్న తృప్తితో ఉన్నాము. ఆ రెండు బస్తాలతో ఆమె సజ్జా పోయించుకొని, మిగిలిన దానితో వంటగట్టు కట్టించుకున్నారు.

అసర్ నమాజ్ తరువాత మేస్త్రీ గారిని వెంటబెట్టుకొని ఖాలా ఇంటికి వెళ్లాము. ఆయన స్టూలు వేసుకొని ఎక్కి సజ్జా అంచును ఇనుప మేకుతో గీశారు. బియ్యపు పిండి రాలినట్లు రాలింది. తాపీ పిడితో తట్టితే ఒకచోట డొల్లగా మ్రోగింది. అడుగున కడ్డీ వెంట సన్నని చీలిక కనిపించింది. ఆ సజ్జా క్రిందనే ఖాలా మనుమలిద్దరూ కూర్చొని చదువుకుంటారు. మేము వెళ్లినప్పుడు కూడా చిన్నవాడు అక్కడే పలక పెట్టుకొని ఉన్నాడు.

"తప్పంతా సిమెంటుదే అని చెప్పలేనండి" అన్నారు మేస్త్రీ గారు న్యాయంగా. "ఇసుకలో ఉప్పు ఉండవచ్చు, సరిగా తడపకపోయి ఉండవచ్చు. కాని ఇది నిలవదు. ఈ వానకాలం దాటకముందే తీసేయాలి."

మేము వంటగట్టును కూడా చూపించాము. ఆయన దానిని తట్టి చూసి, "దీనికి భయం లేదు. ఇది నేల మీద నిలబడినది. చెడితే పగులుతుంది, అంతే. కాలి క్రిందికి పనికి వచ్చేదంతా తల మీదికి పనికి రాదమ్మా" అన్నారు.

ఆ మాట మా మనసులో నాటుకొనిపోయింది. పాత సిమెంటు గురించి ఏ ఇంటివారు అడిగినా చెప్పవలసిన సూత్రం అదే.

ఆ రాత్రి మా ఇంటిలో ఎవరికీ సరిగా అన్నం సహించలేదు. మేము మోసం చేయలేదు, తెలియక ఇచ్చాము. అయినా ఒక ప్రశ్న వదలలేదు. ఆనాడు ఆ రెండు బస్తాలను మా స్లాబులో వేసే ముందైతే మేస్త్రీ గారిని పిలిచి చూపించి ఉండేవారము. ఖాలాకు పంపేటప్పుడు ఎందుకు చూపించలేదు? ఉచితంగా ఇచ్చే వస్తువును పరీక్షించనక్కర లేదని మాకు తెలియకుండానే అనుకున్నాము. మనకు ఇస్తే మనం ఇష్టంగా తీసుకోని వస్తువును దానమని ఇవ్వరాదని చిన్ననాటి నుండి వింటూనే ఉన్నాము. వినడం వేరు, మెట్ల క్రింది బస్తా దగ్గర అది గుర్తుకు రావడం వేరు.

మరునాడు ఇంకొక ఆలోచన వచ్చింది. పిండిగా ఉన్న నాలుగు బస్తాలను సగం ధరకు ఎవరికైనా అమ్మివేస్తే ఎలా ఉంటుందని మాలోనే ఒకరు అన్నారు. అబ్బాజాన్ చాలాసేపు మౌనంగా ఉండి, దైవప్రవక్త (సఅసం) అంగడిలో ధాన్యపు రాశిలో చేయి పెట్టి చూసిన సంఘటనను గుర్తు చేశారు. పైన పొడిగా, లోపల తడిగా ఉన్న ఆ రాశి సంగతి మన ఇండ్లలో పిల్లలకు కూడా తెలిసినదే. "మేస్త్రీ చేయి పెట్టి చూసింది కూడా అటువంటి రాశిలోనే" అని మాత్రం అన్నారు. అమ్మే మాట మళ్లీ రాలేదు. దుబారా కూడదని అందరికన్నా గట్టిగా వాదించినది ఆయనే. పొదుపు వలన వచ్చే నష్టాన్ని మనమే భరించినంతవరకే అది పొదుపు. ఆ నష్టం మరొకరి తల మీదికి జరిగిన నాడు దానిని పొదుపు అనరాదని ఆ రోజు మాకు బోధపడింది.

ఖాలాకు విషయం ఉన్నదున్నట్లు చెప్పాము. "మీరు ప్రేమతో ఇచ్చారమ్మా, మీకు మాత్రం ఏం తెలుసు" అని ఆమె అన్నప్పుడు మేము తల ఎత్తలేకపోయాము. అదే వారంలో పాత సజ్జాను తీయించి, మా స్లాబు కోసం తెచ్చిన తాజా సిమెంటులో నుండి ఒక బస్తా తీసి, కొత్త కడ్డీలతో తిరిగి పోయించాము. పది రోజులు ఉదయం సాయంత్రం దానిని తడిపిన వాడు ఆ పలక పెట్టుకొని కూర్చున్న చిన్నవాడే. స్లాబుకు పదిహేను బస్తాలూ కొత్తవే తెచ్చాము. నాలుగు వేలు మిగలలేదు. అన్నయ్య నికాహ్ భోజనంలో ఒక వంటకం తగ్గించుకున్నాము. అది అతిథులెవరికీ తెలిసినట్లు లేదు.

ఇక పదకొండు బస్తాలను ఏం చేశామని పాఠకులు అడుగుతారు. మాకు తెలిసినంతవరకు చెబుతాము.

పిండిగా ఉన్న నాలుగింటిని ఇంటి వద్దనే ఒక చిన్న పరీక్ష చేశాము. గుప్పెడు సిమెంటును నీటితో గట్టిగా కలిపి, గాజు ముక్క మీద బిళ్లగా పరచి, ఒక రోజంతా నీటిలో ఉంచాము. అది చీలకుండా గట్టిపడాలి. మూడు బస్తాల బిళ్లలు గట్టిపడ్డాయి. నాలుగవది గోటితో గీస్తే గీత పడినది. ఈ పరీక్షలో నెగ్గినంత మాత్రాన అది స్లాబుకు పనికి వచ్చినట్లు కాదు. అసలు బలాన్ని ప్రయోగశాలలో దిమ్మెలు పోసి, రోజులు లెక్కపెట్టి పగులగొట్టి చూస్తేనే తెలుస్తుంది. పదకొండు బస్తాల కోసం ఆ ఖర్చు పెట్టడం కన్నా కొత్త సిమెంటు కొనడమే మేలు. ఇంటి పరీక్ష చిన్న పనులకు పనికి వస్తుందా, అసలే రాదా అన్నది తెలుసుకోవడానికే.

గట్టిపడిన మూడు బస్తాలను, ఉండలున్న మూడింటితో పాటు జల్లెడ పట్టాము. జల్లెడలో మిగిలిన గట్టి ఉండలను పొడి చేసి తిరిగి కలుపరాదని మేస్త్రీ గారు గట్టిగా చెప్పారు. ఒకసారి గట్టిపడిన సిమెంటును ఎంత మెత్తగా దంచినా అది ఇసుకతో సమానమే. వాటిని కంకరతో పాటు గుంతలు పూడ్చడానికి వాడాము. జల్లించిన పొడిని మామూలుగా ఒకటికి అయిదు పాళ్ల ఇసుక కలిపే చోట మూడు పాళ్లే కలిపి, పెరటిలో బట్టలు ఉతికే చప్టా, కరివేపాకు చెట్టు చుట్టూ గట్టు, గేటు నుండి మెట్ల వరకు నడక దారి వేయించాము. ఇసుక తగ్గించినంత మాత్రాన పోయిన బలమంతా తిరిగి రాదు. ఈ పనులకు మాత్రం సరిపోతుంది. గోటికి లొంగిన నాలుగవ బస్తాను దారి క్రింద మట్టిలో కలిపి దిమ్మిస కొట్టించాము. రాళ్లయిన నాలుగు బస్తాల సంచులను ఒలిచివేసి, మురుగు కాల్వ గట్టు కోసుకొనిపోకుండా వరుసగా దించాము. కాబట్టి అబ్బాజాన్ మాట కూడా నిలిచింది. ఒక్క బస్తా వృథా కాలేదు.

స్లాబు, పిల్లరు, దూలం, సజ్జా, మెట్లు, బాల్కనీ, నీటి తొట్టె, సెప్టిక్ ట్యాంకు, పైకప్పు లోపలి పూత - వీటిలో దేనికీ పాత సిమెంటు వాడరాదు. పడితే ప్రాణానికి ముప్పు, కారితే ఇంటికి చేటు. ఏ పనికి వాడినా ధూళి ముక్కులోకి పోకుండా గుడ్డ కట్టుకోవాలి, చేతులకు తొడుగులు వేసుకోవాలి. తడి సిమెంటు చర్మాన్ని కాల్చుతుంది; పాతది కదా అని పిల్లల చేత కలిపించరాదు.

కొత్త సిమెంటు తెచ్చుకునేవారు బస్తా మీద ముద్రించిన వారం, సంవత్సరం చూసి కొనాలి. పనికి కావలసినంతే తెచ్చుకోవాలి. నిలువ ఉంచక తప్పనప్పుడు నేలకు జానెడు ఎత్తున చెక్కలు వేసి, గోడకు రెండు అడుగుల ఎడంగా, పది బస్తాలకు మించకుండా పేర్చి, ప్లాస్టిక్ పట్టాతో అన్ని వైపులా కప్పాలి. పాత దుప్పటి తేమను ఆపదు. పీల్చి లోపలికి ఇస్తుంది. మా ఇంటిలో జరిగినది అదే. ముందు తెచ్చిన బస్తాను ముందు వాడాలి. మూతి విప్పినదానిని ఆ రోజే ముగించాలి. పని ఆగిపోతే, మూడు నెలలు దాటకముందే, బస్తాలు బాగున్నప్పుడే, కట్టుబడి జరుగుతున్న ఇంటివారికి వాటి వయసు చెప్పి మరీ ఇవ్వాలి. మేము ఆనాడే ఆ పని చేసి ఉంటే పదమూడు బస్తాలూ ఎవరి ఇంటికో గోడలయ్యేవి.

ఇప్పుడు మెట్ల క్రింద ఉల్లిపాయల బుట్ట నేల మీదనే ఉన్నది. ఖాలా ఇంటి పెరటి గుమ్మం వద్ద చిన్నవాడు ఎప్పటివలెనే పలక పెట్టుకొని కూర్చుంటున్నాడు. మొన్న వాన వచ్చినప్పుడు అమ్మీజాన్ మా పిట్టగోడ మీదుగా ఆ వైపు తొంగి చూసి, వాడు తడవకుండా ఉన్నాడని చెప్పి లోపలికి వచ్చారు.